ఒక్క ప్రయాణానికే సూట్‌కేసు పగిలింది, ఈసారి ఏది కొనాలి?

సాగర్_ఎడమకాల్వ
పోయిన ఏడాది ఆగస్టులో మా పెద్దమ్మాయి ఎమ్మెస్‌కు డాలస్ వెళ్లింది. ఆషాఢం ఆఫర్‌లో మూడు పెట్టెల సెట్ 6,500కు కొన్నాను. నిగనిగలాడుతూ మస్తు ఉండె. అక్కడ బెల్టు మీదికి వచ్చేసరికి పెద్ద పెట్టె కింది మూల కోడిగుడ్డు పెంకులా పగిలింది, ఒక చక్రం లేదు. చక్రం ఒక్కటే ఊడలేదు, దాన్ని బిగించిన ప్లాస్టిక్ గూడుతో సహా పోయింది. ఆ కంతలోంచి వాళ్లమ్మ పెట్టిన చింతకాయ తొక్కు డబ్బా మూత కనబడుతున్న ఫొటో పంపింది. పిల్ల ఒక్కతే ఆ మూడు చక్రాల పెట్టెను పక్కకు ఒంచి లాక్కుంటూ బయటికి వచ్చింది. ఆ ఫొటో చూసి మా ఇంట్లో రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇప్పుడు మా బాబు వంతు. వచ్చే నెల ప్రయాణం. 23 కిలోలవి రెండు పెట్టెలు, ఒక క్యాబిన్ బ్యాగు. మిర్యాలగూడ నుంచి శంషాబాద్ దాకా కారులో పోతాం. గట్టి పెట్టె మంచిదా, బట్ట పెట్టెనా? రెండు చక్రాలా, నాలుగా? రెండు పెద్దవాటికి కలిపి 15,000 దాకా పెట్టగలను. వాడినవాళ్లు చెప్పండి.

జడ్చర్ల_జంక్షన్
ఆ సెట్‌లో మిగిలిన పెట్టె ఇంట్లో ఉంటే లోపలి లేబుల్ చూడండి. ఏబీఎస్ అని ఉంటుంది, అదొక రకం ప్లాస్టిక్.

సాగర్_ఎడమకాల్వ
చూశాను. లోపలి జేబు కుట్టు పక్కన చిన్న అక్షరాల్లో ఏబీఎస్ అనే ఉంది. బయట అంటించిన కాగితం మీద మాత్రం "అన్‌బ్రేకబుల్" అని ఇంత పెద్దగా రాసి ఉంది.

దేవరకొండ_డిపో
నాలుగు చక్రాల పెట్టె కొనకండి అన్నా. రెండు చక్రాలదే తీసుకోండి. మిగతాదంతా తర్వాత.

పాలమూరు_సంచులు
మహబూబ్‌నగర్‌లో 19 ఏళ్లుగా సంచులు, సూట్‌కేసులు బాగుచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ చక్రం కేసులే. తర్వాత పైకి లాగే హ్యాండిల్, ఆ తర్వాత జిప్పు. డొప్ప పగిలి వచ్చేవి తక్కువే. అందుకే కొనేటప్పుడు రంగు, డొప్ప చూసి మురిసిపోకుండా ముందు పెట్టెను తలకిందులు చేయండి.

చక్రం ఎలా బిగించారో చూడండి. రివిట్ కొట్టి ఉంటే అది పోయినప్పుడు డ్రిల్లు పెట్టి తీయాలి, చుట్టూ ప్లాస్టిక్ దెబ్బతింటుంది. స్క్రూలు ఉంటే పది నిమిషాల పని, కొత్త చక్రం వేసి పంపిస్తాను. చక్రాన్ని వేలితో తిప్పండి. బేరింగ్ ఉన్నదైతే చప్పుడు లేకుండా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. బేరింగ్ లేనిది ఒకటి రెండు చుట్లకే గరగరమని ఆగిపోతుంది. తర్వాత చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ కదపండి. గూడు దగ్గర ప్లాస్టిక్ వంగుతున్నట్టు ఉంటే తీసుకోవద్దు. ఈ సార్ పెట్టె పోయింది సరిగ్గా అక్కడే. గూడు పలుచన, దానికి తోడు ఏబీఎస్. ఏబీఎస్ బిర్రుగా ఉంటుంది, దెబ్బ తగిలితే వంగదు, పగులుతుంది. పాలీకార్బొనేట్ అయితే నొక్కుకుపోయి మళ్లీ పైకి లేస్తుంది. పాలీప్రొపిలీన్ కూడా వంగుతుంది, పైగా బరువు తక్కువ. మీ డబ్బుల్లో నేనైతే పాలీప్రొపిలీన్‌దే చెప్తాను.

ఒక మాట పైలం. బయట "పాలీకార్బొనేట్" అని బోర్డు ఉంటుంది, లోపల లేబుల్ మీద "ఏబీఎస్ ప్లస్ పీసీ" అని ఉంటుంది. అది రెండూ కలిసిన సరుకు, అసలుది కాదు. డొప్ప మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కండి. లోపలికి పోయి టక్కున వెనక్కి రావాలి. రాయిలాగా ఉందంటే మంచిదని అనుకుంటారు చాలామంది, నా లెక్కలో అది మైనస్ మార్కు.

గద్వాల_జరీ
మేము అమ్మాయి దగ్గరికి పోయినప్పుడు బట్ట పెట్టెలే తీసుకుపోయాం, ఏమీ కాలేదు. బట్ట పెట్టె పగలదు కదా. పైన జేబుల్లో మందులు, కాగితాలు పెట్టుకోవచ్చు. గట్టి పెట్టె అయితే రెండు భాగాలుగా తెరిచి నేల మీద పరచాలి, అంత జాగా ఎక్కడ దొరుకుతుంది?

జడ్చర్ల_జంక్షన్
బట్ట పెట్టె పగలదు కానీ తడుస్తుంది అక్కా. ఆగస్టు అంటే వానాకాలం.

గద్వాల_జరీ
తడవకుండా బట్టలన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టాం. చీరలకైతే రెండేసి కవర్లు వేశాను.

చిటికి_నేత
బట్ట పెట్టె కొనేవాళ్లు "ఎన్ని డెనియర్" అని అడగండి. అంగట్లో చెప్పేవాళ్లకు కూడా సరిగ్గా తెలియదు, మా పోచంపల్లి మగ్గాల దగ్గర మాత్రం ఇది రోజూ వాడే మాట. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. మేము వాడే పట్టు పోగు 20, 22 డెనియర్ ఉంటుంది, అలాంటివి కొన్ని కలిపి పురి పెడతాం. పెట్టెల బట్టకు 600 నుంచి 1680 దాకా రాస్తారు. అంటే దారం ఎంత లావో చెప్పే లెక్క.

కానీ డెనియర్ ఒక్కటే చూస్తే మోసపోతారు. 1200 పాలిస్టర్ కంటే తక్కువ డెనియర్ నైలాన్ రాపిడికి ఎక్కువ ఓర్చుకోవచ్చు. నేత ఎంత దగ్గరగా ఉందో చూడండి. బట్టను లైటుకు అడ్డంగా పట్టుకోవడం కుదరదు కాబట్టి గోటితో గీకండి. పోగులు పక్కకు జరిగితే ఆ నేత వదులు. మూలల్లో, కింది అంచున ప్లాస్టిక్ పట్టీ ఉందో లేదో చూడండి. బట్ట చిరిగేది ఎప్పుడూ అక్కడే.

పాలమూరు_సంచులు
చిటికి_నేత అన్న చెప్పిన గోటి పరీక్ష బాగుంది. నేను కూడా రేపటి నుంచి చేస్తాను.

ఎమ్మెస్_టెక్సాస్
మాది నల్లగొండ, ఇప్పుడు డాలస్ పక్కన. దేవరకొండ అన్నతో నేను ఒప్పుకోను. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే సామాను తీసుకుని కస్టమ్స్ దాటాలి. అక్కడి నుంచి ఇంకో విమానం ఉంటే మళ్లీ అప్పజెప్పాలి. పిల్లవాడు ఒక్కడే, వీపు మీద లాప్‌టాప్ బ్యాగు, రెండు చేతుల్లో 23 కిలోలవి రెండు. నాలుగు చక్రాలవి అయితే నిలబెట్టి పక్కపక్కన తోసుకుంటూ పోవచ్చు, చేతుల మీద బరువు పడదు. రెండు చక్రాలవి రెండూ ఒంచి లాగితే భుజాలు లాగేస్తాయి. నేను అలా లాగాను, తెలుసు.

దేవరకొండ_డిపో
ఎయిర్‌పోర్టులో గచ్చు నున్నగా ఉంటుంది తమ్మీ, ఎన్ని చక్రాలైనా నడుస్తాయి. మా ఊరి సిమెంటు రోడ్డు మీద, కంకర మీద నాలుగు గిర్రల పెట్టె లాగి చూడు. చక్రాలు బయటికి పొడుచుకుని ఉంటాయి, రాయి తగిలితే పక్కకు తిరిగి ఇరుక్కుంటాయి. రెండు చక్రాలది లోపలికి కూర్చుని ఉంటుంది, సగం చక్రమే బయటికి కనబడుతుంది. విమానంలో పెట్టెల మధ్య పడ్డప్పుడు కూడా దాన్ని ఏదీ కొట్టదు. 1987లో ఇలా నిలువు పెట్టెకు రెండు చక్రాలు, లాగే హ్యాండిల్ పెట్టింది రాబర్ట్ ప్లాత్ అనే పైలట్. రోజూ ఎయిర్‌పోర్టుల్లో తిరిగేవాడు చేసుకున్న పెట్టె అది.

ఎమ్మెస్_టెక్సాస్
పైలట్ రెండు పెద్ద పెట్టెలు లాక్కుపోడు కదా అన్నా. అది చేతిలో పట్టుకునే చిన్న పెట్టె.

గద్వాల_జరీ
అక్కడ ట్రాలీ దొరకదా?

ఎమ్మెస్_టెక్సాస్
దొరుకుతుంది ఆంటీ, కానీ చాలాచోట్ల డబ్బులు కట్టాలి. కొత్తగా దిగినవాడికి అప్పుడే కార్డు, చిల్లర గొడవ.

రన్‌వే_షాద్‌నగర్
ఎయిర్‌పోర్టులో లోడర్‌గా ఆరేళ్లు చేసి మానేశాను. సామాను విసిరేస్తారని మమ్మల్ని అందరూ అంటారు, అందుకే లోపల ఏం జరుగుతుందో రాస్తున్నాను.

పెద్ద విమానాల్లో సామాను కంటైనర్లలో పేర్చి ఎక్కిస్తారు. చిన్న విమానాలకు పెట్టెలు ఒక్కొక్కటిగా బెల్టు మీద పైకి వస్తాయి, లోపల ఒక మనిషి తీసి పేర్చాలి. ఆ అరలో నిలబడే ఎత్తు ఉండదు. మోకాళ్ల మీద కూర్చుని, వంగి, నేల మీద జరుపుతూ లోపలికి తోయాలి. ఎండాకాలం అయితే లోపల కొలిమి లెక్క ఉంటుంది. అటువంటప్పుడు పెట్టెకు పట్టుకోవడానికి పిడి ఉంటే పిడి పట్టుకుని ఎత్తుతాం. లేకపోతే చేతికి ఏది దొరికితే అది, చక్రమో, లాగే హ్యాండిలో, పట్టుకుని లాగాల్సి వస్తుంది. కాబట్టి పైన, పక్కన, అడుగున మూడు చోట్లా పిడి ఉన్న పెట్టె కొనండి. అడుగు పిడిని ఎవరూ పట్టించుకోరు, లోపల పనిచేసేవాడికి మాత్రం అదే దిక్కు.

ఇంకోటి, ఒక్క పెట్టె 32 కిలోలు దాటకూడదని ఎయిర్‌లైన్స్ పెట్టే నియమం ఎత్తేవాడి నడుము కోసమే. డబ్బు కడతాం కదా అని కౌంటర్‌లో కొట్లాడొద్దు. పాత ప్రయాణం తాలూకు ట్యాగులు, చిన్న బార్‌కోడ్ స్టిక్కర్లు పూర్తిగా పీకేయండి. స్కానర్ పాతదాన్ని చదివితే పెట్టె దారి తప్పవచ్చు.

గద్వాల_జరీ
ఇది చదివాక మా పెట్టెకు అడుగున పిడి ఉందా అని లేచి చూశాను. ఉంది. థాంక్స్ తమ్ముడూ.

కొల్లాపూర్_మామిడి
దుబాయ్‌లో పన్నెండేళ్లు పనిచేశాను. మేము అప్పట్లో అట్టపెట్టెకు దుప్పటి చుట్టి, తాడు కట్టి వేసేవాళ్లం. 2017 మార్చి నుంచి దుబాయ్ ఎయిర్‌పోర్టులో కనీసం ఒక పక్క చదునుగా లేని సామాను, గుండ్రటి మూటలు తీసుకోవడం ఆపేశారు. బెల్టు మీద దొర్లి ఇరుక్కుంటున్నాయని. అప్పటి నుంచి నాది గట్టి పెట్టె. దాని చుట్టూ అడ్డం ఒక బెల్టు, నిలువు ఒక బెల్టు కడతాను. జిప్పు ఊడినా సామాను బయట పడదు.

పాలమూరు_సంచులు
బెల్టు మంచి పని. జిప్పు సంగతి నేను మర్చిపోయాను. పెద్ద పెట్టెకు 8 లేదా 10 నంబర్ జిప్పు ఉండాలి. ఆ నంబర్ ఇంచుమించు పళ్లు మూసుకున్నప్పుడు ఎన్ని మిల్లీమీటర్ల వెడల్పో చెప్తుంది. కాయిల్ జిప్పు, అంటే పళ్లకు బదులు సన్నని ప్లాస్టిక్ తీగ చుట్టలు ఉండేది అయితే బాల్‌పెన్ను మొనతో పొడిచినా విచ్చుకుంటుంది, తర్వాత రన్నర్ అటూ ఇటూ జరిపితే ఏమీ జరగనట్టు మూసుకుంటుంది. తాళం తాళంలాగే ఉంటుంది. అందుకే బంగారం, డబ్బు, సర్టిఫికెట్లు పెద్ద పెట్టెలో వేయవద్దు, ఏ కంపెనీది కొన్నా సరే.

లాగే హ్యాండిల్ పట్టుకుని కారు డిక్కీలోకి ఎత్తడం మాత్రం మానండి. అది లాగడానికి పెట్టింది, ఎత్తడానికి కాదు. నా దగ్గరికి వచ్చే వంగిన గొట్టాలు ఎక్కువగా అలా వంగినవే.

పానగల్లు_చెరువు
డిక్కీ అంటే గుర్తొచ్చింది. ట్యాక్సీ మాట్లాడుకునేటప్పుడు సీఎన్‌జీ బండా అని అడగండి. మేము తెల్లవారుజామున 3 గంటలకు డిక్కీ తెరిస్తే సిలిండర్ ఉంది. ఒక పెట్టె ముందు సీట్లో, ఒకటి వెనక మా ఒళ్లో. నార్కట్‌పల్లి నుంచి పెద్ద అంబర్‌పేట దాకా కాళ్లు కదపలేదు.

సాగర్_ఎడమకాల్వ
ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. రెండు అనుమానాలు. సైజు ఎంత ఉండాలి? 32 అంగుళాలది చూపించి ఎక్కువ పడుతుంది అంటున్నారు. టీఎస్ఏ తాళం తప్పనిసరా?

ఎమ్మెస్_టెక్సాస్
32 అస్సలు వద్దు అంకుల్. పొడవు, వెడల్పు, మందం మూడూ కలిపితే 158 సెంటీమీటర్లు దాటకూడదు, చాలా ఎయిర్‌లైన్స్‌లో ఇదే లెక్క. చక్రాలు, పిడి కూడా కలుపుకుని కొలవాలి. అంగట్లో చెప్పే 28, 30 నంబర్లను నమ్మకుండా టేపు పట్టుకుని వెళ్లండి. 76, 50, 30 అనుకోండి, 156 వస్తుంది, సరిపోయింది. అదే పెట్టెకు మందం పెంచే జిప్పు విప్పారంటే ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు పెరిగి దాటిపోతుంది. ఎలాగూ 23 కిలోలే కదా, జాగా ఎక్కువ ఉంటే అమ్మలు నింపుతూనే ఉంటారు.

టీఎస్ఏ అంటే అమెరికా ఎయిర్‌పోర్టుల్లో తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ. ఆ తాళం ఉంటే వాళ్ల దగ్గర మాస్టర్ తాళంచెవి ఉంటుంది, తెరిచి చూసి మళ్లీ వేస్తారు. మామూలు తాళం అయితే తనిఖీ అవసరమైతే పగలగొట్టవచ్చు. తప్పనిసరి కాదు, ఉంటే మేలు.

జడ్చర్ల_జంక్షన్
పెట్టె బరువు కూడా చూడండి. ఖాళీ పెట్టె 5 కిలోలు ఉంటే మీకు మిగిలేది 18. 4 లోపు ఉంటే రెండు పెట్టెల మీద రెండు కిలోల సకినాలు ఎక్కువ పోతాయి.

గద్వాల_జరీ
సకినాలు పెట్టెలో పొడి అయిపోతాయి. స్టీలు డబ్బాలో పేర్చి, పైన ఖాళీ లేకుండా టవల్ కుక్కాలి.

కొల్లాపూర్_మామిడి
స్టీలు డబ్బా బరువు ఎవరు మోస్తారు? ప్లాస్టిక్ డబ్బా చాలు.

గద్వాల_జరీ
ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పంపితే మా అమ్మాయి సకినాల పిండి అందుకుంది. స్టీలే.

పిల్లలమర్రి_నీడ
సాగర్ గారూ, పోయినసారి అమ్మాయి బెల్టు దగ్గరే ఫిర్యాదు రాయించిందా?

సాగర్_ఎడమకాల్వ
లేదండీ. భయపడి బయటికి వచ్చేసింది. నాలుగు రోజులకు మెయిల్ పెడితే, చక్రాలు మామూలు అరుగుదల కిందికి వస్తాయని జవాబు ఇచ్చారు. ఇగ వదిలేశాం.

పిల్లలమర్రి_నీడ
అబ్బాయికి ఇది తప్పకుండా చెప్పండి. సామాను హాలు దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో పీఐఆర్, అంటే సామాను దెబ్బతిన్నదని రాసే రిపోర్టు, రాయించాలి, ఆ నంబర్ తీసుకోవాలి. పెట్టె, ట్యాగు, పగిలిన చోటు, మూడూ కనబడేలా ఫొటో తీయాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది, మన దేశం 2009లో అందులో చేరింది. దెబ్బతిన్న సామానుకు 7 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యంగా వస్తే చేతికి అందిన రోజు నుంచి 21 రోజులు. పరిహారం పరిమితి 2024 డిసెంబర్ 28 నుంచి ఒక ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్). అది గరిష్ఠం, అంతా ఇస్తారని కాదు, జరిగిన నష్టం మేరకే. పెట్టెలోనే నాణ్యత లోపం ఉంటే ఆ మేరకు బాధ్యత ఉండదని కూడా అందులో ఉంది. అందుకే బయలుదేరే ముందు పెట్టె బాగున్నప్పటి ఫొటో, బిల్లు ఫోన్‌లో ఉంచుకోవాలి. మీరు నాలుగు రోజుల్లో రాశారు కాబట్టి గడువు దాటలేదు, అక్కడ పట్టుబట్టాల్సింది.

సాగర్_ఎడమకాల్వ
ఈ సంగతి అప్పుడే తెలిస్తే బాగుండేది. రాసిపెట్టుకున్నాను.

జడ్చర్ల_జంక్షన్
చార్జింగ్ పోర్టు ఉన్న స్మార్ట్ బ్యాగులు కూడా అమ్ముతున్నారు. బ్యాటరీ ఊడిరాకపోతే ఎయిర్‌లైన్స్ తీసుకోవు. పవర్ బ్యాంక్ కూడా పెద్ద పెట్టెలో వేయకూడదు, చేతి సంచిలోనే.

పానగల్లు_చెరువు
ఒక ప్రశ్న. ఐదేళ్ల కింద కొన్న మంచి కంపెనీ పెట్టె, రెండుసార్లే వాడాం, సజ్జ మీద పెట్టాం. మొన్న దించితే చక్రాల రబ్బరు అటుకుల్లా రాలిపోయింది. వాడనిది ఎలా పాడైంది?

పాలమూరు_సంచులు
అది రబ్బరు కాదన్నా, పాలీయూరిథేన్. గాలిలోని తేమ, వేడి తగులుతుంటే లోపలి నుంచి కుళ్లినట్టు అయి రాలుతుంది. వాడినా వాడకున్నా వయసు మీద పడుతుంది. స్లాబు కింద సజ్జ మీద ఎండాకాలం వేడి ఎంత ఉంటుందో మీకు తెలుసు. పెట్టె పారేయకండి, చక్రాలు మార్చితే సరిపోతుంది. స్క్రూలా, రివిట్లా?

పానగల్లు_చెరువు
స్క్రూలే.

పాలమూరు_సంచులు
అయితే చక్రం అడ్డం ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి, గూడు ఫొటో పెట్టండి. నల్లగొండలోనే దొరుకుతాయి, ఇంత దూరం రానక్కర్లేదు. ఇరుసుకు వెంట్రుకలు, చీర పోగులు చుట్టుకుని ఉంటే బ్లేడుతో కోసి తీయండి. చాలా చక్రాలు దానికే బిగుసుకుంటాయి.

సాగర్_ఎడమకాల్వ
నిన్న నల్లగొండ ప్రకాశం బజార్‌కు పోయి కొన్నాం. మూడు అంగళ్లలో పదకొండు పెట్టెలు తలకిందులు చేశాం. మొదటి అంగట్లో ఆయన చిరాకు పడ్డాడు. మూడో అంగట్లో పెద్దాయన మాత్రం తనే స్టూలు వేసి పెట్టెలు తిరగేసి చూపించాడు. కొన్నింటికి లేబులే లేదు, వాటిని పక్కన పెట్టాం.

ఒకటి పాలీప్రొపిలీన్‌ది. నాలుగు మూలలా జంట చక్రాలు, స్క్రూలు, అడుగున పిడి, 4 కిలోలకు కొంచెం పైన, 7,200. రెండోది బట్టది, రెండు చక్రాలు, మూలలకు పట్టీ, 5,600. రెండు అభిప్రాయాలూ నాకు సబబుగానే అనిపించాయి. తొక్కులు, డబ్బాలు గట్టి దాంట్లో, బట్టలు, దుప్పటి బట్ట దాంట్లో. బాబుతో రెండూ కలిపి మా వీధిలో ఒకసారి లాగించి చూశాను. గట్టిదాన్ని నిలువుగా తోస్తూ, బట్టదాన్ని వెనక లాగుతున్నాడు, ఇబ్బంది లేదన్నాడు.

దేవరకొండ_డిపో
కంకర మీద ఏది బాగా నడిచింది?

సాగర్_ఎడమకాల్వ
బట్టదే. మీ మాట నిజం.

ఎమ్మెస్_టెక్సాస్
గచ్చు మీద?

సాగర్_ఎడమకాల్వ
నాలుగు చక్రాలది, వేలితో తోస్తే పోతుంది.

రన్‌వే_షాద్‌నగర్
ఇంట్లో తూకం వేసుకునే వెళ్లండి. కౌంటర్ దగ్గర పెట్టె విప్పి డబ్బాలు తీస్తున్న తల్లులను చాలామందిని చూశాను, చూడలేం.

సాగర్_ఎడమకాల్వ
మా బియ్యం దుకాణం కాంటా మీద వేశాం. 22.4, 22.7. ఒక ఆవకాయ డబ్బా ఆగిపోయింది, వాళ్లమ్మకు అదే బాధ.

సాగర్_ఎడమకాల్వ
బాబు చేరుకున్నాడు. గట్టి పెట్టెకు ఒక మూల జానెడు గీత పడింది, నొక్కు లేదు. చక్రాలు అన్నీ తిరుగుతున్నాయి, వీడియో పంపాడు. బట్ట పెట్టె ఒక పక్క తడిసింది, కవర్ల వల్ల లోపల ఏమీ కాలేదు. వాళ్లక్క వచ్చి తీసుకుపోయింది. వాళ్లమ్మ ఫోన్‌లో ఆ చక్రాల వీడియో నాలుగుసార్లు పెట్టించుకుని చూసింది. అందరికీ చాలా రుణపడ్డాం.

గద్వాల_జరీ
సకినాలు?

సాగర్_ఎడమకాల్వ
స్టీలు డబ్బా, పైన టవల్. మూడు విరిగాయట.

కోస్గి_కంది
ఇప్పుడే చదివాను, మా చెల్లె డిసెంబర్‌లో పోతున్నది. ఆ గట్టి పెట్టె కొలతలు ఒకసారి పెట్టగలరా అన్నా?

సాగర్_ఎడమకాల్వ
చక్రాలతో కలిపి 76, 51, 30. మందం పెంచే జిప్పు విప్పవద్దు అమ్మా.